దిగిందెవరు?

గంజి వాసన తగిలితే నాకు హమీదా టీచర్ గుర్తుకొస్తారు. ఈ పొద్దున కూడా అన్నం వార్చి, ఆ గంజిలో నా నేతచీర ముంచాను. ఇంట్లో కుక్కరుంది, అయినా నేను అన్నం వారుస్తూనే ఉన్నాను. గంజి పారబోసే ఇల్లు నాకు నచ్చదు. పక్కన పీట మీద ఫోన్ పెట్టుకున్నాను. నా మనవరాలు రమ్య ఈ రోజు మొదటిసారి, నేర్పేవాళ్లెవరూ పక్కన లేకుండా, ఒక్కతే విమానం నడుపుతోంది. దిగగానే ఫోన్ చేస్తానంది. నా చేతులు గంజిలో ఉన్నాయి, చెవులు ఫోన్ మీద ఉన్నాయి.

బెల్లంకొండ దగ్గర మా ఊరి బడికి ఆవిడ నరసరావుపేట నుంచి వచ్చారు. వాళ్ల నాన్న లారీ మెకానిక్. షెడ్డులో చేతులు తుడుచుకోవడానికి తెచ్చిన పాత పేపర్లలో, విమానం నడిపిన ఆడమనిషి బొమ్మ కనబడితే చాలు, టీచర్ కత్తిరించి దాచేవారు. ఇంటికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చి, ఒక లావుపాటి నోటుబుక్కులో మా చేత అంటింపజేసేవారు. జిగురుకు గంజి తేవడం మా వంతు. గేదె కుడితిలోకి పోవలసిన గంజి బడికి పోతోందని మా అమ్మ రోజూ తిట్టేది. ఆ పుస్తకంలో చీరకొంగు నడుముకు దోపుకుని విమానమెక్కిన మన దేశపు ఆవిడ ఉంది. తోలుటోపీల దొరసానులున్నారు. యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి సైన్యానికి విమానాలు చేరవేసినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు పేపరువాళ్లు వెయ్యలేదని, ఆ బొమ్మ కింద టీచర్ గీత గీసి ఖాళీగా వదిలారు. అందరి మొహాల మీదా గ్రీజు మరకలే. నేను తుడవబోతే వద్దన్నారు. విమానం నడిపేవాళ్లకు గ్రీజు అంటదా అన్నారు.

ఒకరోజు కొత్త ముక్క చదివారు. ఎవరో దొరసాని ఒక్కతే సముద్రం మీదుగా బయలుదేరింది, గాలివానలో చిక్కుకుంది, ఎట్టకేలకు ఒడ్డు చేరి దిగింది. నేను లేచి నిలబడ్డాను.

"దిగిందెవరు టీచర్? విమానమా, ఆమా?"

బడంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు. బోర్డు మీద రాసి చూపించారు. మగవాడైతే దిగాడు అంటాం. విమానమైతే దిగింది. ఆడమనిషైనా దిగింది. మన తెలుగులో ఆ ఇద్దరికీ ఒకటే మాట అన్నారు. వెనక వరసలో కోటమ్మ ఊరుకుంటేనా.

"మా గేదె కూడా వాగులో దిగిందనే అంటాం టీచర్."

"అనండే. ఇన్నాళ్లూ గేదెతో కలిపినా ఎవరూ ఏమనలేదుగా. ఇప్పుడు విమానంతో కలిపితే ఏం పోయింది?"

ఐదో తరగతి అవగానే నన్ను బడి మాన్పించారు. సంగతి తెలిసి టీచర్ ఎండన పడి మా ఇంటికొచ్చారు. వాకిట్లో మిరపకాయలు ఎండబోసి ఉంటే, వాటి పక్కనే నిలబడి మాట్లాడారు. మా నాన్న చెడ్డవాడు కాదు. మజ్జిగ ఇప్పించాడు, చెప్పినంతసేపూ విన్నాడు. విన్నాక నవ్వాడు.

"చదివి ఇది విమానం నడుపుద్దా ఏందమ్మా?"

అరుగు మీదున్నవాళ్లూ నవ్వారు. టీచర్ మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి వెనక్కి తిరిగారు. గొడుగు మరిచిపోతే అది పట్టుకుని పరిగెత్తాను. వీధి మలుపులో టీచర్ అది అందుకుని, నా వైపు తిరిగారు.

"నువ్వు నడపకపోతే పోనీలే. రేపు ఎవతన్నా ఎక్కబోతే మాత్రం అడ్డం నిలబడమాకే."

నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది. ఇంకాసేపు పోట్లాడి ఉండవలసింది అనుకున్నాను. ఇప్పటికీ కొంచెం అనుకుంటాను. మరుసటి ఏడు బదిలీ అయి వెళ్లిపోయారు, నోటుబుక్కూ ఆవిడతోనే పోయింది. మళ్లీ నేను చూడలేదు.

కిందటేడు రమ్య ఇంటర్ అయ్యాక విమానం నేర్చుకుంటానంది. మా ఇంట్లో నా మాట కాదని ఏదీ జరగదు కాబట్టి, మా అబ్బాయి నా మొహం చూశాడు. "నువ్వు విమానం నడుపుతావా ఏందే?" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు, మా నాన్నది. నవ్వు కూడా ఆయనదే. పిల్ల ఏడవలేదు, వాదించలేదు. టీచర్ తిరిగినట్టే వెనక్కి తిరిగి లోపలికి పోయింది. మూడు రోజులు దానితో మాట్లాడలేకపోయాను. నాలుగో రోజు అన్నం వారుస్తుంటే గంజి ఆవిరి మొహానికి కొట్టింది. గిన్నె దించి, దాన్ని పిలిచి, పోయి నేర్చుకోమన్నాను. కారణం చెప్పలేదు. దానికేమవుతుందోనన్న భయం పోయి పంపలేదు. ఆ భయం ఈ పొద్దుటి దాకా ఉంది.

ఫోన్ మోగితే తడిచేత్తోనే తీశాను.

"ఎక్కాను నాయనమ్మా. ఒక్కదాన్నే."

"ఎక్కితే సరా? దిగావా?"

"దిగబట్టేగా మాట్లాడుతున్నా."

ఆ నోరెక్కడిదో నాకు తెలుసు. నాలాగే ఈ ఊళ్లోనే కోడలై పక్కింట్లో ఉండిపోయిన కోటమ్మ, పొద్దుటి నుంచీ గోడ మీద చేతులేసుకుని ఇటే చూస్తోంది. దిగిందని కేకేసి చెప్పాను.

"ఏందే దిగింది? గేదా?" అంది. ఇన్నేళ్లయినా దానికి ఆ మాట అరగలేదు.

"విమానమూ, పిల్లా," అన్నాను.

చీర పిండి ఆరేశాను. గిన్నె అడుగున కాస్త గంజి ఉంచాను. రమ్య, విమానం పక్కన దిగిన ఫొటో కాగితం మీద వేయించి పంపుతుందట. దాని పాత నోటుబుక్కుల్లో రాయని పేజీలు బోలెడున్నాయి. నేనే అంటిస్తాను. కింద గీత ఖాళీగా వదలను. నాకొచ్చిన అక్షరాలతో పేరు రాస్తాను.