ఊడ్చే ముందు నేను పిలవలేదు

ఆ రోజు నేను ఎవరినీ పిలవలేదు. పిలిచానని చెప్పాను. ఆరేళ్లుగా ఆ అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాయగానే నా మీద నాకే కోపం వస్తోంది. నేనేం మోశాను? నా జీతం పెరిగింది, కుర్చీ మారింది, వేళకు తిన్నాను. దాని బరువంతా పడింది ఇంకొకరి మీద. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్లయితే సగంలోనే ఆపి "పోనీలే" అంటారు. ఆ మాట నాకు వద్దు.

పిలవడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. భవనం కట్టకముందే దాన్ని గోడలు, పైపులు, కిటికీలతో సహా కంప్యూటర్‌లో నిలబెట్టే పని మాది. తిరుపతిలో ఒక మేడ మీద పద్నాలుగు మందిమి ఒకే ఫైల్‌లో పని చేసేవాళ్లం. అన్ని చేతులు పడితే చెత్త పేరుకుంటుంది. ఎవరో ఒక తలుపు తెచ్చి పెడతారు, నచ్చక తీసేస్తారు. అది భవనంలోంచి పోతుంది గానీ ఫైల్ లోపలి జాబితాలో ఉండిపోతుంది. అలా వందలు. ఫైల్ బరువెక్కి, తెరుచుకోవడానికే పది నిమిషాలు తీసుకుంటుంది. అప్పుడు "వాడనివన్నీ తీసెయ్" అనే మీట నొక్కుతాం. భవనంలో ఎక్కడా నిలబెట్టని వస్తువు ప్రతిదీ పోతుంది. ఆఫీసులో దాన్ని ఊడ్పు అనేవాళ్లం.

అవతల పారేసిందేదో, ఇంకా చోటు ఖాయం కాక ఎదురుచూస్తున్నదేదో ఆ మీటకు తెలియదు. అందుకని రెండు కట్టుబాట్లు పెట్టాను. నేనే పెట్టాను, జట్టుకు పెద్దను నేనే కాబట్టి. తయారైనా చోటు తేలని వస్తువును భవనం బయట, ఖాళీ జాగాలో ఒక వరసలో నిలబెట్టాలి. ఆ వరసను గోడౌన్ అనేవాళ్లం. అక్కడ ఒక్కటి నిలబడి ఉంటే చాలు, ఊడ్పు దాన్ని ముట్టుకోదు. రెండోది, ఊడ్చేవాడు లేచి నిలబడి గది మొత్తం వినబడేలా పిలవాలి: "ఊడుస్తా ఉండా, ఎవురివన్నా ఉంటే ఎత్తిపెట్టుకోండప్పా." అందరూ సరే అన్నాకే మీట నొక్కాలి.

ఆమెను భారతి అని రాస్తున్నాను. అసలు పేరు వేరు. ఆ పేరును మేం ఇప్పటికే కావలసినంత పాడు చేశాం. అప్పటికి ఆమెకు ముప్ఫై అయిదేళ్లు ఉంటాయి. రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చేది. రేణిగుంట దగ్గర కట్టబోయే ఒక పెద్ద యాత్రికుల వసతి భవనానికి ముందు భాగమంతా రాతిపని. ఎనిమిది నెలల పాటు ఆమె శిల్పుల యార్డుకు వెళ్లి, స్తంభాల పీటలు, స్తంభాల తలల మీద కూర్చునే బోదికలు, చూరు రాళ్లు ఒక్కొక్కటే టేపుతో కొలిచి, కంప్యూటర్‌లో చెక్కినంత పని చేసింది. అక్కడి పెద్ద శిల్పి ఆమెను ఆటపట్టించేవాడట: "ఏమ్మా, మళ్లా కొలిచేదానికి వచ్చినావా? రాయేమన్నా ఒళ్లు చేసిందా?" ఆమే చెప్పి నవ్వేది. మొత్తం నలభై ఒక్క రాళ్లు. వాటిలో ఏవి ఉంచాలో చెన్నైలోని ఆర్కిటెక్టులు ఇంకా తేల్చలేదు. అందుకని నలభై ఒక్కటీ గోడౌన్ వరసలో నిలబడి ఉండేవి. నేను రోజూ చూసేవాణ్ణి.

ఆ రోజు మా యజమాని చెన్నై నుంచి ఫోన్ చేశాడు. "ఫైలు ఏనుగు మాదిరి ఉండాదంట. వాళ్లకి కదల్లేదు. చెత్త తీసేసి రెండు గంటల్లోపల పంపల్లప్పా." భోజనాల వేళ. గదిలో ముగ్గురు నలుగురు కంటే లేరు. భారతి యార్డులో ఉంది. ఒక బోదిక అంచు సరిగా రాలేదని మళ్లీ కొలవడానికి వెళ్లింది. భవనం పక్కన రాళ్ల వరస చూస్తే నాకు అసహ్యంగా అనిపించింది. బయటివాళ్లకు పంపే ఫైల్‌లో ఇదేమిటి అనుకున్నాను. వరసను తీసేశాను. జాబితాలో ఎలాగూ ఉంటాయి, రేపు మళ్లీ నిలబెడదాం అనుకున్నాను. అక్కడితో ఆగితే ఏమీ అయ్యేది కాదు. కానీ ఊడ్చాను. ఒకసారి నొక్కితే పైవి పోతాయి, వాటి లోపల దాగినవి అప్పుడు బయటపడతాయి. అందుకని మూడుసార్లు నొక్కడం నా చేతికి అలవాటు. మీట నొక్కగానే వచ్చే జాబితాలో ముందు అన్ని టిక్కులూ తీసేసి, అక్కరలేనివి మాత్రం ఏరుకోమని అందరికీ నేర్పింది నేనే. ఆ రోజు ఏరలేదు. లేచి నిలబడలేదు. పిలవలేదు. మూడుసార్లు నొక్కాను. ఫైల్ సగానికి దిగింది. సర్వర్ నిండిపోయిందని పాత కాపీలు కూడా ఆ ఊపులోనే తీసేశాను. టీ తాగడానికి కిందికి వెళ్తూ, మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున భారతి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, గోడౌన్‌లో నా రాళ్లు కనబడలేదు."

"జాబితాలో సూడు."

"ఆడ కూడా లేవు సార్. ఒక్కటీ లేదు."

రాత్రికే చెన్నై నుంచి తిరిగొచ్చిన యజమాని తన గదిలోంచి వచ్చాడు. ఆమెను అడగలేదు, నన్ను అడిగాడు. "ఏమైందప్పా?"

నాకు సమయం లేకపోయిందని అనను. ఉంది. ఆయన ముఖం చూశాను, ఆమె ముఖం చూశాను, ఎటు చెబితే ఎంత నష్టమో లెక్కవేసుకునేంత సమయం నాకు ఉంది.

"నిన్న ఊడ్చినాను సార్. ఊడ్చే ముందర పిలిచినాను. ఈమెవి గోడౌన్‌లో లేవు."

"పెట్టినాను సార్," అంది భారతి. "మీరే సూసినారు గదా."

"పెట్టింటే యాడికి పోతాయమ్మా? ఐదున్నర ట్రైనని పరిగెత్తే తొందరలో మర్సిపోయింటావు."

ఒకరిద్దరు నవ్వారు. వెనక నుంచి ఒకడు "అవును, సార్ పిలిచినాడు, నేను విన్నా" అన్నాడు. ఇంకొకడు తల ఊపాడు. వాళ్లు అబద్ధమాడలేదనుకుంటాను. నా పిలుపు అన్నిసార్లు విన్న చెవులకు ఆ రోజు కూడా విన్నట్టే ఉంది. గోడౌన్ సంగతి అంటారా, ఎవరి గోడలు వాళ్లు చూసుకునేవాళ్లు, అటు చూసేవాడెవడు?

నా అబద్ధం అంత సులువుగా ఎందుకు చెల్లింది? ఈ ప్రశ్న దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె సాయంత్రం ఐదున్నర రైలుకని మా అందరికంటే ముందు లేచి వెళ్లేది కాబట్టి. పొద్దుటి రైలు పుణ్యాన ఎనిమిదికే వచ్చి ఆఫీసు తాళం తీసేది కూడా ఆమే. దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. నేను రాత్రి ఎనిమిది దాకా ఉండేవాణ్ణి, అందులో సగం టీకొట్టు దగ్గరే గడిచేది. అయినా కష్టపడేవాడిగా పేరు నాకే. ఆడమనిషి, రైలు తొందర, మతిమరుపు. ఈ మూడూ కలిపి కథ అల్లడానికి నాకు ఒక్క వాక్యం చాలింది. నమ్మడానికి వాళ్లకు అంతకూడా అక్కర్లేకపోయింది.

ఆమె పాత కొలతల కాగితాలు ముందేసుకుని రాళ్లను మళ్లీ మొదలుపెట్టింది. పది రోజుల తర్వాత, ఒక ఆదివారం, ఇంట్లో నా హార్డ్‌డిస్క్‌లో పాత కాపీ ఒకటి కనబడింది. ఊడ్పుకు కొద్ది రోజుల ముందు, ఇంట్లో పని చేసుకుందామని తెచ్చుకున్నది. తెరిచాను. భవనం పక్కన వరస నిలబడి ఉంది. లెక్కపెట్టాను. నలభై ఒకటి. అప్పటికి ఆమె మళ్లీ చేసినవి తొమ్మిది. ఆ కాపీ సోమవారం పట్టుకెళ్లి ఇస్తే ఎనిమిది నెలల పని తిరిగి వచ్చేది, ఆమె మాటే నిజమని కూడా తేలేది. అలా తేలితే నేనేమవుతాను?

చెరిపేశాను. చెత్తబుట్టలో కూడా మిగలకుండా.

ఊడ్పును పొరపాటు అనుకుందాం. అబద్ధం భయంలో వచ్చిందని అనుకుందాం. మరి దీన్ని ఏమనాలి? నా ఇంట్లో, నింపాదిగా, కాఫీ తాగుతూ చేసిన పని ఇది. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

పని ఆలస్యమైంది. చెన్నైవాళ్లు మండిపడ్డారు. యజమాని ఆమెను మానుకోమన్నాడు. తిరుపతిలో ఈ పని చేసే ఆఫీసులు ఎన్ని ఉంటాయి? ఆమె వెళ్లేలోపే మాట వెళ్లింది. ఎక్కడా తీసుకోలేదు.

ఇంకా ఉంది. మా ఆఫీసులో ఆమె పేరు ఒక మాటగా స్థిరపడిపోయింది. ఎవరైనా పని దాచుకోవడం మరిచిపోతే "భారతి చేసినావా?" అని ఎగతాళి. నేను ఆపలేదు. అంతకంటే హీనం, కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు నేనే ఆ కథ చెప్పాను, నీతి జోడించి మరీ. పోయిన నెల, చిత్తూరు నుంచి వచ్చి చేరిన ఒక ఇంజనీరమ్మ పక్కామెను అదే మాటతో ఆటపట్టించింది. భారతిని ఎప్పుడైనా చూశావా అని ఆ ఇంజనీరమ్మను అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "అది మనిషి పేరా సార్? సాఫ్ట్‌వేర్‌లో ఏదో మాటనుకున్నా."

ఒక మనిషిని అంత శుభ్రంగా తుడిచేశాను.

ఆ తర్వాతి సోమవారం మీటింగులో అందరి ముందు చెప్పాను. పిలవలేదని, వరస తీసింది నేనేనని, కాపీ చెరిపానని. యజమాని గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడెందుకప్పా ఇదంతా? ఆ ప్రాజెక్టే అయిపోయింది గదా." ఆ మాటకు నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లు నేను లోలోపల అనుకున్నదీ ఆ మాటే.

ఆమె ఇప్పుడు పుత్తూరులో ఉంది. సిమెంటు కొట్టు మీది గదిలో ఇళ్ల ప్లాన్లు గీసి ఇస్తుంది. వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. ఆ రోజు అబద్ధం చెప్పానన్నాను. కోప్పడుతుందనుకున్నాను. అలా అయితే బాగుండేది.

"అంటే నేను పెట్టినానా సార్?" అని అడిగింది. "నాకే అనుమానం పట్టుకునింది. పెట్టినానో లేదో అని. ఆ పొద్దు నుంచి ఇంట్లో గ్యాసు ఆపినానా, తాళం ఏసినానా అని నాలుగుసార్లు ఎనక్కి పోయి సూసుకుంటా ఉండా. ఇప్పటికీ."

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగనూ లేదు.

"పెట్టినావమ్మా," అన్నాను. "నలభై ఒకటీ పెట్టినావు. వరస తీసింది నేను. ఊడ్చింది నేను. పిలవలేదు. నీ రాళ్లన్నీ నా ఇంట్లో ఒక కాపీలో ఉండె, అదీ నేనే చెరిపేసినాను. నీ మతిలో ఏ లోపమూ లేదు. తప్పు నాది. నీకు క్షమాపణ చెప్పుకుంటా ఉండా."