కోటుకు పట్టిన వాసన

మా మరిదికి ఇప్పుడున్నది ఒక్క కాలే. రెండోదాన్ని సిగరెట్లు మింగేశాయి. నరాలు మూసుకుపోయి, పుండు మానక, మోకాలి కింద తీసేశారు. మళ్లీ ముట్టుకుంటే ఇదీ దక్కదని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. కుట్టుమిషను తొక్కి బతికేవాడికి అంతకంటే ఏం చెప్పాలి?

ఆసుపత్రి నుంచి వచ్చాక మానేశాడు. అదేమన్నా మాటలా! చేతులు వణికేవి, కొలతలు తప్పేవి, అయినదానికీ కానిదానికీ కస్సుమనేవాడు. పక్కన కూర్చుని కాజాలు కుట్టే నాకు ఒళ్లు మండేది. అయినా నోరు కట్టేసుకుని లవంగాల డబ్బా అతని వైపు జరిపేదాన్ని.

నా తోడికోడలి దారి వేరు. అతను ఇంటికి రాగానే చొక్కా వాసన చూసేది. భయం మరి, కాదనను. కానీ మొగుడికి తోడుండడమూ కాపలా కాయడమూ ఒకటేనా?

ఒకరోజు మా కుట్టు దుకాణానికి ఎవరిదో కోటు సరిచేయడానికొచ్చింది. ఆ మహానుభావుడు ఎన్ని కాలుస్తాడో గాని, లోపలి గుడ్డకూ పొగ కంపే. పొద్దున్నంతా మరిది దాన్ని ఒళ్లో వేసుకుని కుట్లు విప్పాడు. అన్నం తెచ్చిన తోడికోడలు అతని మీదికి వంగి చొక్కా వాసన చూసింది. క్యారియరు బల్లమీద ఠపీమని పెట్టింది.

"ఆ కాలు కూడా తీయించుకుంటావా?"

నేను కోటు చూపించేలోపే అతను చంకకర్ర అందుకుని మలుపులో సిగరెట్ల కొట్టువైపు వెళ్లిపోయాడు. కోటు ఆమె చేతిలో పెట్టాను. వాసన చూసి, గబగబా గుమ్మందాకా వెళ్లి అతను వెళ్లినవైపు చూసింది.

అతను తిరిగొచ్చాడు. ఈసారి వాసన అతనిదే.

"మానిందంతా మంటగలిసింది, వదినా," అన్నాడు.

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. "ఒక కుట్టు తప్పితే గుడ్డంతా చింపేస్తావా? అక్కడిదాకా విప్పి మళ్లీ కుట్టవూ? ఆ ప్యాకెట్టు ఇలా తే."

జేబులోంచి తీసి ఇచ్చాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఇకమీదట చొక్కా వాసన చూడకు. ఈ కాలు పట్టుకుని చూడు. పొగ తాగితే రక్తం అందక ఇది చల్లబడుతుంది. అప్పుడు తిట్టు, పడతాను."

ఆమె నేలమీద కూర్చుని పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. చల్లగా ఉందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. అయినా తిట్టలేదు. రెండు చేతులతో రుద్దుతూనే ఉంది. ఎంతకీ వేడెక్కలేదు.