పెదవి కుంచె

1964 నాటికి నా పెట్టెలో నాలుగు కుంచెలుండేవి. మేక వెంట్రుకల వెడల్పాటిది పౌడరు దులపడానికి. పలకగా ఉన్నది ముఖమంతా రంగు పరచడానికి. బుగ్గ కింద నీడ దించడానికి ఒక అరిగిపోయిన మొండి కుంచె. కొత్తదానికి ఆ పని చేతకాదు. నాలుగోది ఉడత తోక వెంట్రుకలది. అది పెదవులకు, కనుబొమలకు.

అనకాపల్లిలో ఒక నాటక సమాజం వాళ్లకు రంగు వేయడం మా నాన్న పని. ఆయన పోయాక అది నాకు వచ్చింది. అప్పటికి నాకు పదిహేడు నిండాయి. అమ్మ అదే సమాజంలో తల్లి వేషాలు వేసేది. మా ఇల్లు ముఖ్యంగా ఆ వేషాల మీదే గడిచేది.

కుంచెలు బోర్డులు రాసే సాయిబు కట్టి ఇచ్చేవాడు. నేను ఒక్కోదాన్నీ తడిపి, విదిలించి, మొన కుదిరిందో లేదో చూసేదాన్ని. తరవాత పై పెదవి మీద రాసుకునేదాన్ని; అక్కడ గుచ్చుకోనిది ఇంకెక్కడా గుచ్చుకోదు. తిప్పి ఇచ్చేసినా ఆయన విసుక్కునేవాడు కాదు. "సూసుకో బేటీ. గోడైతే ఓర్చుకుంటాది, మొగం ఓర్చుకోదు," అనేవాడు.

ఆ మాఘంలో ఒక ఉదయం అమ్మ పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి కారిపోయాయి. ఎడమ బుగ్గ జారిపోయింది. డాక్టరు సూదులు వేశాడు. ఎవరో చెబితే పావురం రక్తం కూడా రాశాం. నెల దాటినా బుగ్గ లేవలేదు. మాడుగుల నుంచి ఇంకొకామెను పిలిపిద్దామని సమాజంలో మాట వచ్చింది. డబ్బు పెట్టే బెల్లం షావుకారు మాత్రం, "ఓసారి రంగేసుకొని రానీండి. సూసి సెప్దాం," అన్నాడు.

మధ్యాహ్నం పూట ఆయన గొడౌనులో రిహార్సలు. అమ్మ తలుపు దగ్గర వెలుతురులో కూర్చుంది.

"ఎడం పక్క ఎత్తగలవేటే?"

"ఎత్తుతాను. నువ్వు కదలకు."

"కదలమన్నా అదెక్కడ కదుల్తంది!" అని కుడి సగంతో నవ్వింది.

మొండి కుంచెతో కుడి బుగ్గ కింద కాస్త నీడ దించి, ఎడమ బుగ్గ మీద లేత రంగు వేశాను. చివరికి ఉడత తోక కుంచె తీసుకుని, జారిన పెదవి మూలను కప్పేసి, దాని పైన, ఉండవలసిన చోట కొత్త మూల గీశాను. పెదవి గీసేటప్పుడు నోరు మూసి ఉంచాలన్నది నాన్న నేర్పిన పద్ధతి. అమ్మ అలాగే ఉంచింది. అద్దం ఇస్తే చాలాసేపు చూసుకుంది. నా మణికట్టు పట్టుకుంది.

కొడుకును పిలిచే చోటు నుంచి మొదలుపెట్టమన్నారు. అమ్మ నిలబడి, "బాబూ!" అంది. ఆ రెండక్షరాలకూ పెదవులు కలవాలి. కలవలేదు, గాలి పోయింది. అసలు పెదవి కుడికి లాగింది. నేను గీసిన మూల ఉన్నచోటే ఉండిపోయింది. ఒక ముఖం మీద రెండు నోళ్లు. కొడుకు వేషం అతను ఫక్కున నవ్వి, వెంటనే కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ మళ్లీ అంది. ఇంకోసారి అనబోతుంటే షావుకారు లేచాడు.

"సాలమ్మా. ఒరే, అమ్మకి టీ తెప్పించండ్రా."

ఎప్పుడూ అరిచే మనిషి అంత మెత్తగా మాట్లాడాడు. దానితో మా ఇద్దరికీ తెలిసిపోయింది.

రంగు వేసినవాళ్లే తీయాలని మాలో నియమం. కొబ్బరినూనె గుడ్డ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. "ముందు కుడి పక్క తుడు. అదింకా నాదే," అంది. గీసిన మూలను అన్నిటికంటే చివర తుడిచాను.

మాడుగుల ఆమె వచ్చిన రోజు, వద్దన్నా అమ్మ నాతో గొడౌనుకు వచ్చింది. తనే అద్దం పట్టుకుంది. నేను ఆమెకు పెదవి గీయబోతుంటే అమ్మ నా చెయ్యి ఆపింది.

"నోరు మూసుకొని కూకుంటే ఏటి తెలుత్తాది? పలికేటప్పుడు మూల ఎక్కడికెల్తాదో సూసి గియ్యి. మీ నాన్నకీ తెలీదది." మాడుగుల ఆమె వైపు తిరిగింది. "కొడుకుని పిలిసే మాట అనమ్మా."

ఆ మాట తను అనలేదు. ఆమె అంది. "బాబూ!" శుభ్రంగా, గుండ్రంగా.

"అదిగో, అక్కడ," అంది అమ్మ.

నేను అక్కడే గీశాను. తల ఎత్తేసరికి అద్దం బల్ల మీద ఉంది, అమ్మ లేదు. బయట, బెల్లం దిమ్మలు దించుతున్న బండ్ల వెనక, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. వేళ్లతో పెదవులు రెండూ కలిపి పట్టుకుని, వదిలి, ఆ మాటే అంటోంది.