పుస్తకాల పరదా

మా బావ బోరు మోటార్లు బాగుచేస్తాడు. చుట్టుపక్కల ఏ పొలంలో మోటారు మొరాయించినా ముందు ఆయనకే కబురు వస్తుంది. ఆయన చొక్కాల అసలు రంగు ఏమిటో మా అక్కకి కూడా గుర్తులేదు, గ్రీజు రంగే వాటి రంగు. మాటకారి కాదు. ఎవరేమన్నా "సరే సరే" అనడమే తప్ప ఎదురు చెప్పడం ఎరగడు. కూతురి సంగతి వచ్చిందంటే మాత్రం ఆ నోరు ఇక మూతపడదు. "మా అమ్మాయి లెక్కలు చేస్తుంటే చూడాలండీ" అని మోటారు విప్పుతూ రైతుకి మొదలుపెడతాడు. పాపం ఆ రైతుకి కావలసింది నీళ్ళు, లెక్కలు కాదు.

పిల్ల నిజంగానే చురుకైనది. వేలమంది ఎగబడే ఒక పెద్ద యూనివర్సిటీకి పరీక్ష రాసి మొదటి వడపోత దాటింది. మా ఊరి బడిలో చదివినవాళ్ళు అంతకుముందు ఎవరూ అంత దూరం పోలేదు. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. కంప్యూటర్ ముందు కూర్చుంటే అక్కణ్ణుంచి వాళ్ళు చూస్తూ ప్రశ్నలడుగుతారు. ఇది తప్పితే దగ్గర్లో ఉన్న ఏదో ఒక కాలేజీలో చేర్పించేస్తానని అక్క ముందే తేల్చేసింది.

మా ఊళ్ళో నెట్ ఆగకుండా వచ్చేది ఫోటో స్టూడియోలోనే. స్టూడియో ఆయన్ని పిల్లలంతా బాబాయ్ అంటారు. మంచివాడే గానీ ఆయనకో జబ్బు ఉంది. ఎవరినీ ఉన్నదున్నట్టు చూపించబుద్ధి కాదు.

"వెనక ఈ పెచ్చులూడిన గోడ ఏం బాగుంటుంది? జలపాతం పెట్టమంటావా?" అన్నాడు.

"ఇంటర్వ్యూకి జలపాతమేంటి బాబాయ్!"

"అయితే పుస్తకాలు పెడదాం."

పుస్తకాల అలమరా బొమ్మ అచ్చువేసిన పెద్ద పరదా అది. లాయర్లూ, ఎన్నికల్లో నిలబడేవాళ్ళూ దాని ముందు ఫోటోలు దిగుతుంటారు. అలాంటి గది తనకి ఉండాలని పిల్లకి ఎప్పటినుంచో ఆశ. సరేనంది. తీరా చూస్తే పరదా కట్టే స్టాండు కాలు విరిగిపోయి ఉంది. సరిగ్గా అప్పుడే మా బావ, ఎవరిదో మోటారు సగం విప్పి వదిలేసి, ఆ చొక్కాతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"స్టాండెందుకు, నేను పట్టుకుంటాగా. నేనున్నట్టే తెలీదు చూడు" అని పరదా వెనక్కి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

ఇంటర్వ్యూ చేసింది ఒక ప్రొఫెసర్ మేడమ్. లెక్కలడిగితే పిల్ల గడగడా చెప్పింది. ఆ తర్వాత ఇంటి సంగతులు వచ్చాయి.

"నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"మోటార్ల ఇంజనీరండీ."

ఆ మాట ఎందుకు వచ్చిందో తనకే తెలీదంటుంది. నాకు తెలుసు. వెనక అన్ని పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నాక మెకానిక్ అనడానికి నోరు రాలేదు. పరదా వెనక బావ మాత్రం అది విని మురిసిపోయాడట. తనకి ప్రమోషన్ వచ్చిందని తర్వాత స్టూడియో ఆయనతో చెప్పుకుని నవ్వాడు.

ప్రశ్నలు సాగుతూనే ఉన్నాయి. ఎంత మోటార్లు ఎత్తే చేతులైనా అంతసేపు గాల్లో ఎలా నిలుస్తాయి? పరదా వణకడం మొదలెట్టింది.

"ఏమ్మా, నీ పుస్తకాలు ఊపిరి పీలుస్తున్నాయే!" అంది మేడమ్. "ఏదీ, ఆ ఎర్ర అట్ట పుస్తకం ఒకసారి తీసి చూపించు."

పిల్లకి ముచ్చెమటలు పోశాయి. "అది పుస్తకం కాదు మేడమ్, బొమ్మ. ఇది పరదా. మా ఇల్లు కూడా కాదు, ఫోటో స్టూడియో. మా ఇంట్లో ఇన్ని పుస్తకాల్లేవు" అని చెప్పేసింది.

మేడమ్ కోప్పడలేదు, పకపకా నవ్వింది. "నిజం చెప్పావు, నాకు నచ్చింది. ఇక అది తీయించెయ్, నిన్ను ఉన్నచోటే చూస్తాను" అంది.

ఆ మాట బావకి వినబడింది. చెప్పిన పని చెయ్యడమే తప్ప ఆలోచించడం ఆయనకి అలవాటు లేదు. పరదా వదిలేశాడు. గ్రీజు చొక్కా, చెమట కారుతున్న మొహం, కిందికి రాని చేతులు, అన్నీ కనబడ్డాయి.

"ఆయనెవరు?"

ఇప్పుడే ఇంజనీరంది. ఇప్పుడే నిజం చెప్పావని మెప్పు పొందింది. ఆ రెండింటి మధ్యా ఇరుక్కుపోయింది పిల్ల.

"స్టూడియోలో పనిచేసే అతను మేడమ్."

"పాపం, పంపించెయ్. చేతులు పడిపోయి ఉంటాయి."

"మీరు వెళ్ళండి" అంది, పుట్టి బుద్ధెరిగాక తండ్రిని ఏనాడూ మీరు అనని పిల్ల.

"అలాగేనమ్మా" అని బావ పరదా చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

ఇంటికెళ్ళి అక్కతో "అదరగొట్టేసింది" అన్నాడు, అంతే. పిల్ల రోజూ ఆయన మొహం కేసి చూసేది, ఇవాళైనా అడుగుతాడేమోనని. ఆయన అడగలేదు. "తిట్టినా బాగుండేది పిన్నీ, నాకు అన్నం దిగేది కాదు" అని నా దగ్గర ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు చెంపలూ వాయించాలనిపించింది. అంతలా సిగ్గుపడి కుమిలిపోతున్న పిల్లని ఇంకేం కొడతాం?

సీటొచ్చింది. చేర్పించడానికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర పెట్టె దించి వెళ్ళిపోతానంటే కూతురే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. మేడమ్‌తో ఎలాగైనా చెప్పెయ్యాలని బస్సులోనే గట్టిగా అనుకుందట.

లోపల కొత్తగా చేరేవాళ్ళంతా తల్లిదండ్రులతో నిలబడి ఉన్నారు. మేడమ్ చూసీ చూడగానే గుర్తుపట్టింది.

"పరదా పిల్లవి కదూ!" అని అందర్నీ చుట్టూ చేర్చి కథంతా చెప్పింది. "ఈ అమ్మాయికంటే మార్కులు ఎక్కువొచ్చినవాళ్ళున్నారు. ఆ రోజు నిజం ఒప్పుకుందనే నేను పట్టుబట్టి సీటు ఇప్పించాను." అంతలో పెట్టె పట్టుకుని నిలబడ్డ బావ మీద చూపు పడింది. "అరె, మీరు ఆ స్టూడియో ఆయన కదూ! చేతుల నొప్పి తగ్గిందా?"

"తగ్గిందండీ."

"వాళ్ళ నాన్నగారు రాలేదా?"

"పని తెమల్లేదండీ. పెట్టె బరువుగా ఉందని నేను వచ్చాను."

"మంచిపని చేశారు. మీ చేతిలో పనే కదా, మాకో ఫోటో తియ్యండి" అని మేడమ్ కెమెరా ఇచ్చింది. పిల్లలందరూ తల్లిదండ్రుల పక్కన సర్దుకుని నిలబడ్డారు. మా బావ ఆ కెమెరాని ఎక్కణ్ణుంచి విప్పాలా అన్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

పిల్ల ఇక ఆగలేకపోయింది. వరసలోంచి బయటికొచ్చింది.

"మేడమ్, ఆయనకి ఫోటోలు తియ్యడం రాదు. ఆయన మా నాన్న."

మేడమ్ నవ్వు ఆగిపోయింది. పిల్లని చూసి, బావని చూసింది. బావ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. సీటు ఎందుకొచ్చిందో ఇప్పుడే కదా చెవులారా విన్నాడు. జన్మలో చటుక్కున మాట తట్టని మనిషికి ఆ క్షణంలో తట్టింది.

"అబ్బే, అది కాదండీ" అన్నాడు నవ్వుతూ. "చిన్నప్పట్నుంచీ ఎత్తుకుని తిప్పాను కదా, నన్నూ నాన్నా అనే పిలుస్తుంది. అలవాటు." ఆపైన కూతురివైపు తిరిగి, "వెళ్ళి నిలబడమ్మా, అందరూ నీకోసం ఆగారు" అన్నాడు.

పిల్ల వెళ్ళి నిలబడింది. తల దించుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయింది.

"తల కాస్త పైకెత్తమ్మా" అన్నాడు మా బావ కెమెరా వెనకనుంచి, అచ్చం స్టూడియో మనిషిలాగే.