బాపు ఆబ్జెక్టుకు తగిలించిన మాట

అనుమానం నా పుట్టుబుద్ధి. గ్యాస్ కట్టేశాక కూడా మళ్లీ వెళ్లి చూసే రకం నేను. అందుకే వెబ్ పేజీలు రాసే పీహెచ్‌పీ భాషలో క్లాసు రాయకుండా ఆబ్జెక్టు తయారుచేయడం నాకెప్పుడూ నచ్చలేదు. క్లాసు రాస్తే అందులో ఏయే వివరాలు ఉండాలో ముందే తేల్చుకుంటాం. క్లాసు లేకపోతే ఒట్టి ఖాళీ ఆబ్జెక్టు పుడుతుంది. దానికి ఎవరు ఏ వివరం తగిలించినా కిమ్మనకుండా పుచ్చుకుంటుంది. కిమ్మననివాళ్లను నేను నమ్మను.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, సూరత్‌లో జ్వరంతో విడిగా ఉన్న మగ్గాల కార్మికులకు అక్కడి మా తెలుగువాళ్లు డబ్బాల్లో భోజనం పంపేవారు. దానికో వెబ్ పేజీ కావాలన్నారు. క్లాసు రాసే తీరిక లేక ఒక్కో మనిషికి ఒక్కో ఖాళీ ఆబ్జెక్టు పెట్టేశాను. డబ్బా ఇచ్చి వచ్చినవాళ్లు ఫోన్‌లోంచే కొత్త వివరాలు చేర్చేవారు. ఒకరికి షుగరు, ఒకరికి కారం పడదు. ప్రతిదాన్నీ నేను తిప్పితిప్పి చూసేవాణ్ణి.

ఆ మనుషుల్లో మా బాపు, అంటే మా నాన్న, కూడా ఉన్నాడు. సూరత్ గోడాదరాలో మాది ఒకే గది కాబట్టి ఆయన్ను ఉన్ అనే పేటలో అద్దెగదిలో ఉంచాం. ఒక పొద్దున బాపు ఆబ్జెక్టులో కొత్త వివరం కనిపించింది: "తలుపు కొట్టొద్దు. లైటు ఆర్పి వెలిగించాలె."

ఒళ్లు మండింది. ఎవడో ఆకతాయి పని అనుకున్నాను. బాపుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫోన్లంటే ఆయనకు గిట్టదని నాకు తెలుసు, అయినా ఆ రోజు భయమేసింది. బండి మీద ఉన్ వెళ్లి తలుపు బాదాను. లోపల చప్పుడు లేదు. మళ్లీ బాదాను.

అంతలో బాపుతో ఒకే షెడ్డులో మగ్గం నడిపిన, నాకు చిన్నాన్న వరసయ్యే కాక డబ్బా పట్టుకొని వచ్చాడు. ఆ వివరం చేర్చింది తనేనన్నాడు. షెడ్డు మోతలో ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారట, తలుపు కొడితే బాపుకు వినబడదట. నేను నమ్మలేదు. బాపుకు చెవులు బాగానే ఉన్నాయన్నాను.

"ఇన్నొద్దులు మీ మూతులు జూసి సమజ్ చేసుకున్నడు బిడ్డా. చెవులు ఎన్నడో పోయినయ్. ఇప్పుడు అందరికి మాస్కులాయె."

అది కిటికీ లేని గది, పగలు కూడా లైటు వెలిగేది. బయట మీటరు పక్కనున్న స్విచ్చిని కాక ఆర్పి, వేశాడు. తలుపు తెరుచుకుంది.

నేను క్లాసు రాసి ఉంటే ఆ మాటకు చోటే ఉండేది కాదు. ప్రతిదాన్నీ అనుమానించే నాకు, ఒకే గదిలో పెరిగి కూడా, ఆ ఒక్క అనుమానం రాలేదు. ఏడుపొచ్చింది.

గల్లీ అవతలికి జరిగి మాస్కు కిందికి లాగాను. "పానం ఎట్లున్నది, బాపు?"

బాపు నా నోటి వంకే చూశాడు. "మంచిగనే ఉన్నది. నువ్వు మాస్కు పెట్టుకో."

పెట్టుకుంటే నా మాట ఆయనకు అందదు. మాస్కు గడ్డం కిందే ఉంచుకుని నిలబడ్డాను.