ఊరికే పేరు

లోకమంతా మెచ్చిన రాక్ ఆల్బమైనా మా చిన్నాయన ఒక వైపు పూర్తిగా విని, "ఊరికే పేరు" అని క్యాసెట్ పక్కన పడేసేవాడు. పోనుపోను ప్రతి క్యాసెట్‌కూ అదే మాట. ఆయనకు వినికిడి తగ్గుతోందని మదనపల్లె ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆయనతో అనలేదు.

ఒకరోజు తను ప్రాణంగా చూసుకునే ఆల్బమ్ పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. వంటింట్లోంచి పుంగనూరు అత్త అరిచింది.

"ఏందప్పా, బస్టాండులో ఉండామా?"

ఆయన తల తిప్పలేదు.

"గిటార్ యాడికి పోయిందమ్మా? నీకు ఇనపడతాండాదా?" అని నన్నడిగాడు.

గిటార్ మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

"లేదు చిన్నాయనా! ఇదీ ఊరికే పేరే!" అన్నాను.

ఎప్పుడూ గొణిగే నా మెడ మీద ఉబ్బిన నరాలను ఆయన చూశాడు.

"యాలమ్మా అంతగా అరస్తాండావు?" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ఆయన ఏ ఆల్బమ్‌నూ తీసిపారేయలేదు.