పెదనాయన పాసు చేసిన సినిమాలు

మా ఇంట్లో ఆడవాళ్ళు ఏ సినిమా చూడాలో మా పెదనాయన ముందు చూసి వచ్చి చెప్పేవాడు. ఇది ఆయన ఒక్కడి పైత్యం కాదు. చిల్లకూరు నుంచి చిట్టమూరు దాకా కాస్త కయ్యలూ కాలవలూ ఉన్న ఇళ్ళన్నిటిలోనూ అదే పద్ధతి. సంక్రాంతికి గూడూరులో కొత్త సినిమాలు పడేవి. ఇంటి పెద్ద వెళ్ళి అన్నీ చూసి వాటిలో ఒకటి పాసు చేస్తాడు. ఆ తర్వాత బండి కట్టించి ఆడవాళ్ళనూ పిల్లలనూ మ్యాట్నీకి పంపిస్తాడు. పండక్కి ఆ ఒక్కటే. మిగిలినవి మాకు పనికిరావు. మాకు పనికిరానివి ఆయనకెలా పనికొచ్చాయో అడిగే దమ్ము ఎవరికీ లేదు.

పండగ వెళ్ళీ వెళ్ళకముందే ఆయన గూడూరులో చుట్టాలింట మకాం పెట్టేవాడు. తిరిగొచ్చిన పొద్దున అరుగు మీద కూర్చుని, తమలపాకుకు సున్నం రాస్తూ ఒక్కొక్క సినిమా కథ మొదటి నుంచి చివరి దాకా విప్పేసేవాడు. ఎవరు చస్తారో, ఎవరికి బుద్ధొస్తుందో అంతా చెప్పేస్తే ఇంక మేము వెళ్ళి చూడాల్సింది ఏముంటుంది? "ఇందులో నీతి ఉండాది" అన్నాడంటే మాకు పడిందన్నమాటే. ఆ నీతి ఏటా ఒకటే. మొగుడు తిరుగుతాడు, పెళ్ళాం ఏడుస్తుంది, ఆమె ఏడ్చి ఏడ్చి అతన్ని ఇంటికి తెచ్చుకుంటుంది. నా చిన్నతనంలో పండగంటే కొత్త పావడా కట్టుకుని వెళ్ళి ఎవరో ఏడుస్తుంటే చూసి రావడమే. డాన్సులున్న వాటిని ఆయన "చెత్త" అని తీసిపారేసేవాడు. తీసిపారేయడానికి రెండేసి సార్లు చూసేవాడు. ఆయన్ని చూస్తే నాకు అప్పటికే ఒళ్ళు మండేది.

మా నాయన ఆయనకు తమ్ముడు కాబట్టి అన్న ఎదుట నోరు విప్పేవాడు కాదు. అమ్మ అసలే విప్పేది కాదు.

ఒక ఏడు నాట్ల కాలంలో మద్రాసు నుంచి సినిమా వాళ్ళు కార్లలో వచ్చారు. రోడ్డు పక్కనున్న మా వరి కయ్య, దాని వెనక తాటిచెట్లు వాళ్ళకు నచ్చాయి. పెదనాయన సరేనని, కోర్టు పని ఉండి ఆ పూట నెల్లూరు వెళ్ళాడు. నాటు వేసే ఆడవాళ్ళను వరసగా నిలబెడితే ఒక మనిషి తక్కువ పడింది. అమ్మ చీర ఎగదోపుకుని కయ్యలోకి దిగింది. పుట్టింట్లో నాట్లు వేసిన చెయ్యే ఆమెది. నేను గట్టు మీద ఉన్నాను. గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన "నవ్వండమ్మా, నవ్వండి" అంటూ వెనక్కి నడుస్తూ బురదలో వెల్లకిలా పడ్డాడు. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. అమ్మ నారుకట్ట చేత్తో పట్టుకునే, తల వెనక్కి వేసి పగలబడి నవ్వింది. కెమెరా తిరుగుతూనే ఉంది.

అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్ళప్పుడు తీయించలేదు, తర్వాత ఎవరికీ ఆ ఊసే రాలేదు. ఇంట్లో ఉన్న అద్దంలో నుదురు కనిపిస్తే గడ్డం కనిపించేది కాదు. ఆ ఏడాది పొడుగునా ఆమె నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగేది. "ఆ సినిమా పండక్కి వస్తాదంటనా? నన్ను నేను ఒక్క తూరి చూసుకోవాల."

పెదనాయన మాత్రం ఊరూరా తిరిగి మా కయ్యను సినిమాలో పెట్టారని చెప్పుకున్నాడు. కయ్యలో మా అమ్మ కూడా ఉందని ఆయనకు తెలియదు. తెలిస్తే ఏమంటాడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

మరుసటి సంక్రాంతికి ఆ సినిమా గూడూరుకు వచ్చింది. కయ్యను చూపించడానికి పెదనాయన స్నేహితుల్ని నలుగురిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు తమలపాకులు కూడా అడగలేదు.

"అది కుటుంబాలు చూసేది కాదు" అన్నాడు.

అమ్మ తలుపు వెనక నుంచి, "మన కయ్య కనిపించిందా బావా?" అని అడిగింది.

"యాడ? కోసి పారేసినారు. తాటిచెట్టు గూడా లేదు."

అని, రోడ్డుకు ఇవతల హాల్లో ఆడుతున్న నీతి సినిమాను పాసు చేశాడు. బండిలో వెళ్ళాం. ఆట మొదలయ్యేదాకా అవతల హాలు మైకులో మా కయ్యలో తీసిన సినిమా పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. లోపల తెర మీద ఎవరో ఏడుస్తున్నారు, నా పక్కన అమ్మ కూడా ఏడుస్తోంది. కథకు ఏడుస్తోందనుకుని ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి ఓదార్చింది.

కోతలు మొదలయ్యాక, ఆనాడు అమ్మ పక్కన నాటు వేసిన అక్క కూలికి వచ్చింది. అమ్మను చూడగానే కొడవలి పక్కన పడేసింది.

"అమ్మా, నిన్ను చూసినాం గదా సినిమాలో! మేమంతా ఎనకాల చీమల మాదిరి ఉండాం. నువ్వొక్కదానివే తెర నిండా ఉండావు!"

అప్పటికి ఆ సినిమా గూడూరు దాటిపోయి చాలా రోజులైంది. మళ్ళీ వచ్చేటంత బాగా ఆడలేదట. అమ్మ కాళ్ళ దుమ్ముతోనే ఇంటికొచ్చింది. నేను వెనకే పరిగెత్తాను. పెదనాయన అన్నం తింటున్నాడు.

"బావా, నేను సినిమాలో ఉండానంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"ఉండానా, లేదా?"

"ఉండావు. పళ్ళికిలించుకోని ఉండావు. నేల మీద కూర్చున్న నా కొడుకులు ఈలలేసినారు. పక్కన నలుగురుండారు. అది నా తమ్ముడి పెళ్ళామని చెప్పుకోమంటావా? నా తలకాయ యాడ పెట్టుకోవాల?"

నాయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. విని దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూటతో ఆయన మీద కూడా నాకు మనసు విరిగింది.

అమ్మ అరుస్తుందనుకున్నాను. మా ఇంట్లో ఏ కోడలూ చేయని పని చేసింది. బావగారి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"పోనీలే బావా. నేనెట్టుండినానో చెప్పండి."

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"ఈ ఇంట్లో మీరు తప్ప ఎవురూ చూళ్ళేదు. ఎట్టుండినాను? బాగుండినానా?"

పెదనాయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తర్వాతి పండక్కి ఆయన యథాప్రకారం గూడూరు వెళ్ళొచ్చి, అరుగెక్కి గొంతు సవరించుకున్నాడు. అమ్మ చీర మార్చుకుని నా చెయ్యి పట్టుకుని ఆయన ముందు నుంచే మెట్లు దిగింది. యాడికని అడిగాడు. సినిమాకంది. ఏ సినిమాకన్నాడు.

"పొయ్యి చూసొచ్చినాక చెప్తాను."

కూలి ఆడవాళ్ళతో కలిసి బస్సెక్కాం. ఊరు బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకోనీ. అప్పటి నుంచి ప్రతి పండక్కి అన్ని సినిమాలూ చూశాం. చెత్తవీ చూశాం, వాటిలో కొన్ని నిజంగానే చెత్త. హీరోయిన్ పాడుతుంటే అమ్మ హీరోయిన్ని చూసేది కాదు. వెనక బిందెలు మోసేవాళ్ళను, కలుపు తీసేవాళ్ళను చూసేది. "ఆ యమ్మ చూసుకోనుంటాదా?" అని నా చెవిలో అడిగేది.

పెదనాయన బతికున్నంత కాలం ఆమె ఆయనకు వేళకు వడ్డించింది. పండగ పూట వడ్డిస్తూ, "ఎట్టుండినాను బావా?" అని ఇంకో రెండు మూడు సార్లు అడిగింది కూడా. ఆయన మజ్జిగ పొయ్యమనేవాడు.

పదేళ్ళు తిరక్కుండానే ఆయన పోయాడు. చుట్టాలంతా చేరి గుండెలు బాదుకుంటుంటే అమ్మ కంట్లో చుక్క నీరు లేదు. ఎంత రాతిగుండెరా అని వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాకూ ఏడుపు రాలేదు కానీ, ఆమె సంగతి తెలుసుకోవాలని దొడ్లోకి వెళ్ళి అడిగాను.

"ఒక్క మాట చెప్పిపొయ్యుంటే ఏడ్చుందును" అంది.